బియ్యప్పిండి ఇల్లు

మా సుమ్మాదేవి స్టేషన్లో ఆగే రైళ్ళకంటే ఆగకుండా పోయే రైళ్ళే ఎక్కువ. పలాస దాటి ఉత్తరంగా వస్తే మొదటి స్టేషను మాదే అయినా, హౌరా-చెన్నై లైను మీద తిరిగే పెద్ద బళ్ళకి ఆ సంగతి పట్టదు. ప్లాట్‌ఫారం మీది ఎండుటాకులు లేపి, కూతపెట్టి, మందస వైపు మాయమైపోతాయి. నా చిన్నప్పుడు మా మామ్మ జీడితోట నుంచి ఇంటికొస్తూ పట్టాల పక్కన నిలబడి ఆ బళ్ళకి చెయ్యూపేది. కిటికీల్లో మొహాలు కనపడేవి గాని, ఒక మొహం ఇలా ఉందనుకునేలోగా అది ఉండేది కాదు.

"ఎవులు మామ్మా ఆల్లు?" అనడిగాను ఒకసారి.

"ఎవులైతే నీకేటిరా? ఎల్లిపోయేవోల్లకి సెయ్యూపాల. నేకపోతే ఎనక్కి తిరిగి సూస్తారు" అంది.

వెనక్కి తిరిగి చూస్తే ఏమవుతుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే రాత్రి నిద్ర పట్టదని ఆ వయసుకే తెలుసు.

మామ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ మధ్య యూరప్ ప్రతీకవాద చిత్రకారుల బొమ్మలున్న పుస్తకమొకటి తిరగేస్తూంటే ఆవిడ చెయ్యూపడం గుర్తొచ్చింది. ఆ పుస్తకం నిండా అవే మొహాలు. ఇలా ఉందనుకునేలోగా ఉండని మొహాలు.

1886 సెప్టెంబరులో జాన్ మొరేయాస్ అనే కవి పారిస్‌లో ఫిగారో పత్రికలో ఒక ప్రకటన అచ్చేయించాడు. ప్రతీకవాదం అన్న పేరు అక్కణ్ణుంచి స్థిరపడింది. ముందు కవులది, తర్వాత చిత్రకారులదీ అయింది. వాళ్ళ కోపం అర్థం చేసుకోదగ్గదే. ఫొటో వచ్చేసింది. కార్ఖానాల పొగ వచ్చేసింది. ఎండ గడ్డివాము మీద పొద్దున ఎలా పడుతుందో సాయంత్రం ఎలా పడుతుందో వేసి చూపించే చిత్రకారులూ వచ్చేశారు. కంటికి కనపడేదాన్ని మళ్ళీ కంటికే చూపించడానికి ఇంత రంగు దేనికి, కనపడనిదాన్ని కదా చూపించాలి అన్నారు వీళ్ళు. కల, భయం, చావు, దేవుడు, మనసు అడుగున కదిలేది.

మంచిదే. కాని పేచీ అక్కడే మొదలైంది. కనపడనిదాన్ని వెయ్యాలన్నా రంగు కావాలి కదా? రంగంటే ఏమిటి? నూరిన రాయి, మట్టి, అవిసెనూనె. కాన్వాసంటే నార. కుంచె అంటే పంది వెంట్రుక. ఆత్మను పట్టుకోడానికి పెట్టిన బోను మొత్తం పదార్థమే. పదార్థం మీద అలిగిన మనిషి పొద్దున్న లేచి పదార్థంతోనే పని చేసుకోవాలి. అత్తారి మీద అలిగి అత్తారింట్లోనే భోంచేసే అల్లుడి పరిస్థితి.

గుస్తావ్ మొరో ఈ అలక తీర్చుకున్న పద్ధతి నాకంత నచ్చదు. 1876లో ఆయన ప్రదర్శనకు పెట్టిన నీటిరంగుల బొమ్మ ఒకటుంది. నాట్యం చేస్తున్న సలోమీ ముందు, తెగిన యోహాను తల వెలుగుతో గాలిలో తేలుతూ కనపడుతుంది. ఆ తల వరకూ గొప్ప ఊహే. కాని దాని చుట్టూ ఎన్ని నగలు, ఎన్ని స్తంభాలు, ఎంత జరీ! పరలోకం చూపిస్తానని పిలిచి బంగారు కొట్టుకి తీసుకెళ్ళినట్టుంటుంది. భక్తి ఉన్నవాడే, పాపం. తన ఇంటినీ బొమ్మల్నీ దేశానికి రాసిచ్చి పోయాడు. 1903లో దాన్ని మ్యూజియం చేశారు.

ఒడిలోన్ రెడాన్ సంగతి వేరు. 1840లో బోర్డోలో పుట్టాడు. చిన్నతనమంతా మెడాక్‌లో పేర్‌లబాద్ అనే పాత ఎస్టేటులో, ద్రాక్షతోటల మధ్య, జబ్బుమనిషిగా ఒంటరిగా గడిచింది. సముద్రం మరీ దూరం కాని ఇసకనేలలు, తోటలు, మబ్బులు తప్ప చూడ్డానికేం లేని మధ్యాహ్నాలు. ఇదంతా చదువుతూంటే మా పలాస వైపు ఉద్దానంలో పెరిగిన కుర్రాడికి కొత్తగా ఏమీ అనిపించదు. ద్రాక్ష తీసి జీడిమామిడి పెట్టుకుంటే సరిపోతుంది.

రెడాన్ యాభయ్యో పడి దగ్గరపడేదాకా దాదాపు నలుపుతోనే పని చేశాడు. బొగ్గుతో వేశాడు, లితోరాయి మీద వేశాడు. నవ్వే సాలీడు, బెలూనై ఆకాశానికెక్కిపోతున్న కన్ను, పువ్వుగా పూసిన మనిషి తల. పిచ్చి ఊహలనిపిస్తాయి గాని, ఆయన ముందు ఎంత క్రమంగా పని చేసేవాడో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక గులకరాయినో గడ్డిపోచనో చేతినో ఉన్నదున్నట్టు, ఏ చిన్న వంపూ వదలకుండా వేసేవాడట. ఆ పని పూర్తయ్యాకే లోపల ఏదో పొంగి ఊహలోకి వెళ్ళగలిగేవాడట. అర్మాఁ క్లావో అనే వృక్షశాస్త్రవేత్త ఆయనకి స్నేహితుడు. మొక్కో జంతువో తేల్చలేని సూక్ష్మజీవాల లోకాన్ని రెడాన్‌కి పరిచయం చేసింది ఆయనే. అందుకే రెడాన్ దెయ్యాలకి కణం ఉంటుంది, కాడ ఉంటుంది, తడి ఉంటుంది.

ఇక ఆ బొగ్గు. బొగ్గంత దిక్కులేని రంగు లేదు. కాగితం మీద అంటుకోదు, ఊరికే కూర్చుంటుంది. తుమ్మితే పోతుంది. చెయ్యి తగిలితే పోతుంది. జిగురునీళ్ళు చిలకరించి దాన్ని అక్కడ ఉండమని బతిమాలుకోవాలి. కాగితం మీద మసి నిలబడుతుందా ఎగిరిపోతుందా అన్న ఆ సందేహంలోనే రెడాన్ బొమ్మల ప్రాణమంతా ఉందని నాకనిపిస్తుంది. పదార్థాన్ని నమ్మనని చెప్పిన తరంలో పదార్థాన్ని అంత దగ్గరగా ప్రేమించినవాడు ఇంకొకడు లేడు.

నలుపంటే మా ఊళ్ళో అందరికీ తెలిసిన నలుపు ఒకటుంది. పలాస జీడిపప్పు తిన్నవాళ్ళకి దాని తెలుపే తెలుసు. పిక్క పగలగొట్టే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి ఆ తెలుపు వెనకాల ఏముందో తెలుస్తుంది. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది, పొక్కుతుంది, తర్వాత నల్లగా తోలు ఊడుతుంది. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. మా మామ్మ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఆవిడ పోయేనాటికి కూడా బొగ్గుముక్కల్లాగే ఉన్నాయి. వేలిగీతలు అరిగిపోయాయి. పింఛను కోసం వేలిముద్ర వెయ్యమంటే కాగితం మీద నల్లటి గుండ్రం తప్ప ఏమీ పడేది కాదు. జీడిమరక పోదంటారు కదా, బట్టమీద సంగతి వాళ్ళు చెప్పేది. ఆ చేత్తోనే మాకు పొట్టు తీసిన గుండ్లు నోట్లో పెట్టేది. పాలలా ఉండేవి.

సరే, చిత్రకారుల దగ్గరికి వద్దాం. 1891లో మెర్క్యూర్ ద ఫ్రాన్స్ పత్రికలో ఆల్బర్ ఓరియే అనే కుర్ర విమర్శకుడు గోగాన్ మీద ఒక వ్యాసం రాశాడు. ప్రతీకవాద చిత్రం ఎలా ఉండాలో అందులో సూత్రాలు కట్టి చెప్పాడు. సూత్రాల మాట అలా ఉంచితే, చివర్లో ఆయనకి ఒక అసలు సంగతి తట్టింది. ఫ్రేము కట్టి అమ్మడానికి వేసే బొమ్మ దారితప్పిన బొమ్మ అనీ, పూర్వకాలం వాళ్ళలాగా బొమ్మ గోడమీద ఉండాలనీ. గోగాన్‌కి గోడలివ్వండని మొత్తుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు. ఆ మరుసటేడే 27 ఏళ్ళకి ఓరియే టైఫాయిడ్‌తో పోయాడు. గోగాన్ తాహితీ వెళ్ళి, గోడ దొరక్క, 1897-98లో దాదాపు పన్నెండడుగుల పొడుగు గోనెగుడ్డ మీద తన పెద్ద బొమ్మ వేశాడు. ఎక్కణ్ణుంచి వచ్చాం, ఎవరం, ఎక్కడికి పోతున్నాం అని దాని పేరు. పలాసలో ఏ జీడి గోడౌనుకెళ్ళినా అలాంటి గుడ్డ దొరుకుతుంది. ప్రశ్న మాత్రం దొరకదు.

ఈ గాలి మన తెలుగువాళ్ళకి అసలు తగల్లేదనుకోకండి. తుమ్మపూడి సంజీవదేవ్ యవ్వనంలో కులూ లోయకి వెళ్ళి నికొలస్ రోరిక్ ఇంట్లో ఉండి వచ్చాడు. రోరిక్ రష్యన్ ప్రతీకవాదుల్లోంచి వచ్చినవాడు. పారిస్‌లో 1913లో స్ట్రావిన్‌స్కీ నృత్యనాటకానికి తెరలూ దుస్తులూ వేసినవాడు. 1928 నుంచి హిమాలయాల్లో కాపురముండి కొండల్నే దేవతల్లాగా వేశాడు. సంజీవదేవ్ తుమ్మపూడి తిరిగొచ్చి ఆ కొండల వెలుగుని తెలుగు వాక్యాల్లో పెట్టాడు. ఆయన వ్యాసాలు చదివే నాకు బొమ్మ చూడ్డం వచ్చింది. ఒక్క ఫిర్యాదుంది. ఆయన వాక్యంలో ఆత్మ ఎప్పుడూ పరిమళంలాగే ఉంటుంది. జీడినూనె వాసన వెయ్యదు.

మా పెరట్లో నిలబడితే వాయవ్యంగా మహేంద్రగిరి కనపడుతుంది. 1501 మీటర్లు. పైభాగం ఒడిశాది, కింది పాదాలు మందస మండలానివి. ఆ పాదాల దగ్గర సవర గిరిజనుల ఊళ్ళున్నాయి. ఓరియే మొత్తుకున్న గోడలు అక్కడున్నాయని నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. ఇరవై కిలోమీటర్ల దూరం. పారిస్ ముందు తెలిసింది, మందస తర్వాత తెలిసింది. మన చదువులు అలా తగలడ్డాయి.

వెళ్ళింది ఒక స్నేహితుడి వెంట. ఆయన అటువైపు ఊళ్ళలో బడి పంతులు. ఒక ముసలాయన ఇంట్లోకి తీసుకెళ్ళాడు. బయట ఎండలోంచి లోపలికి వెళ్ళేసరికి కాసేపు ఏమీ కనపడలేదు. పొయ్యి వాసన, ఎండు మిరపకాయల వాసన. తర్వాత నెమ్మదిగా గోడ కనపడింది. ఎర్రమట్టితో అలికిన గోడ, దాని మీద తెల్లటి గీతలతో ఒక నలుచదరం. నలుచదరం చుట్టూ దంతెల అంచు. లోపల వరసలు వరసలుగా మనుషులు, ఒక్కొక్కరూ వేలెడంత. రెండు త్రికోణాలు మొనలు కలిపితే నడుము, మీద చుక్క పెడితే తల. ఏనుగు మీద ఒకరు, గుర్రం మీద ఒకరు. గొడుగు పట్టుకున్నవాడు, కావిడి మోస్తున్నవాడు. చెట్టు మీద కోతి. పైన ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రుడు. కింది వరసలో చక్రాల పెట్టెలు ఒకదాని వెనకాల ఒకటి. రైలు!

దగ్గరికి వెళ్ళి చూశాను. తెలుపు బియ్యప్పిండి. నీళ్ళలో కలిపి, చివర నమిలి కుంచెలా చేసిన పుల్లతో వేసింది. చాలాచోట్ల పెచ్చులు లేచింది. ఒక ఏనుగు కాళ్ళు చీమలు తీసుకుపోయాయి. ముందు ఒక చిన్న సొరకాయ బుర్ర వేలాడుతోంది, దాని మూతి మీద ఎండిన పసుపో రక్తమో తెలియని మరక.

"ఎప్పుడేసింది తాతా?" అన్నాను.

"నా ఆడది పోయిన యేడు."

"బాగుంది" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

ఆయన నావైపు వింతగా చూశాడు. "బాగుందో నేదో నాకేటి తెలుసు బాబూ. మనవడికి జరాలు ఆగినాయి. ఆ ముసల్ది మల్లీ కల్లోకి రానేదు. అంటే దానికి నచ్చినట్టే కదా."

కళావిమర్శ మీద నేను చదివినవన్నీ ఒక పక్కన పెడితే, ఇంత సూటి కొలమానం నాకెక్కడా తగల్లేదు. బొమ్మ ఎవరి కోసం వేశామో ఆ మనిషి వచ్చి చూసి, కుదుటపడి, మన పిల్లాణ్ణి వదిలేస్తే అది మంచి బొమ్మ.

వీటిని మావైపు ఎడిసింగ్ అంటారు. సింగ్ అంటే సవర భాషలో ఇల్లు. తర్వాత పుస్తకాలు వెతుక్కున్నాను. వెరియర్ ఎల్విన్ 1940ల్లో ఒడిశా వైపు సవరల మధ్య తిరిగి, 1955లో వాళ్ళ మతం మీద పెద్ద పుస్తకం వేశాడు. జబ్బు చేస్తే, పంట పోతే, పోయినవాళ్ళు కల్లోకి వచ్చి సతాయిస్తే, పూనకంలో ఉన్న పూజారి ఎవరికి ఇల్లు కావాలో చెబుతాడు. గోడ మీద నలుచదరం గీసి ఇల్లు కడతారు. ఆ సొనుంని, అంటే ఆ ఆత్మని, వచ్చి చూసుకోమని సారా పోసి పిలుస్తారు. ఏదైనా తక్కువైతే పూజారి నోట అదే చెబుతుంది. నాకు గొడుగు లేదని, గుర్రం చిన్నదని. అప్పుడు అదీ వేస్తారు. ఎల్విన్ చూసిన గోడల మీద సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా ఉన్నాయి. దొర ఎక్కినప్పుడు దేవుడెందుకు ఎక్కకూడదు?

ఇక్కడ నాకు రెడాన్ తరం పేచీ వదిలిపోయినట్టనిపించింది. వాళ్ళకి పదార్థం అడ్డుతెర. దాన్ని పల్చన చెయ్యాలి, అవతల ఏదో మినుకుమంటే పట్టుకోవాలి. సవర తాత ఇంట్లో తెర లేదు, అవతల లేదు. ఆత్మకి ఆకలేస్తుంది, చలేస్తుంది, నడిచి నడిచి కాళ్ళు నొప్పెడతాయి, రైలెక్కాలనుంటుంది. దానికి కావలసింది ఒక చిరునామా. గుప్పెడు బియ్యప్పిండితో చిరునామా రాసిచ్చారు. అతిథికి చాప వేసినట్టు. చాప పవిత్రమా కాదా అని ఎవరూ తర్కించరు, చాప లేకపోతే మాత్రం అతిథి నిలబడే ఉంటాడు.

మా అమ్మా ఇదే పని చేస్తుందని అప్పుడు తట్టింది. మార్గశిర లక్ష్మివారాల్లో వీధిగుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో పాదాలు వేస్తుంది. లక్ష్మీదేవిని వెయ్యదు. పాదాలే. అదీ లోపలికి వస్తున్నట్టు. పొరపాటున ఒకసారి మా చెల్లెలు బయటికి వెళ్తున్నట్టు వేస్తే ఇంట్లో పెద్ద రభస అయింది, ఆ యేడు మా నాన్న జీడిపిక్క వ్యాపారంలో నష్టపోయాడు కూడా. ధర పడిపోవడం వల్లే, అయినా చెల్లెలికి ఆ పేరు ఉండిపోయింది. అమరావతి శిల్పులు మొదట్లో బుద్ధుణ్ణి చెక్కకుండా పాదాలూ ఖాళీ సింహాసనమూ చెక్కి ఊరుకున్నారు. ఖాళీ ఉంచితేనే వచ్చి కూర్చుంటారని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు.

సవరల మాట వచ్చినప్పుడు గిడుగు రామమూర్తిని తలవకుండా దాటలేం. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, ఎవరూ చెప్పమనకుండానే సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణమూ 1938లో నిఘంటువూ అచ్చులోకి తెచ్చాడు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ భాషలో చచ్చిపోయినవాళ్ళు కూడా మాట్లాడతారు, దాన్ని నేర్చుకున్నందుకు బతికున్నవాళ్ళ మాట కూడా వినపడకుండా పోయింది. ఇంకో సంగతి. 1936లో మంగెయ్ గొమాంగొ అనే సవర పెద్ద తన భాషకి లిపి తయారుచేశాడు. 24 అక్షరాలు. ఒక్కో అక్షరానికీ ఒక్కో సొనుం పేరు. ఆ లిపిని పూజిస్తారు కూడా. మనం సరస్వతీ పూజనాడు పుస్తకాలకి బొట్టుపెట్టి సాయంత్రానికల్లా మర్చిపోతాం, వాళ్ళకి అక్షరమే దేవుడి గుడి.

కేంబ్రిడ్జి మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి ఒడిశా సవర ఊళ్ళలో ఉన్నాడు. పోయినవాళ్ళు పూజారిణి నోట వచ్చి ఇంటివాళ్ళతో గంటల తరబడి మాట్లాడేవారట. నన్నెందుకు ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు, నా నగలు ఎవరు తీసుకున్నారు, కోడలు ఎలా చూస్తోంది. ఏడుపులు, తిట్లు, బేరాలు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాటల్లో కోపం తగ్గుతుంది. ఆ పోయినవాళ్ళు కూడా అక్కడ, అవతలి లోకంలో, మళ్ళీ ఒకసారి చచ్చిపోతారట. అప్పుడు సీతాకోకచిలుకలైపోతారు. వాళ్ళని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరన్నమాట. విటెబ్‌స్కీ మళ్ళీ మళ్ళీ వెళ్ళేసరికి ఊళ్ళు బాప్టిస్టు క్రైస్తవంలోకి మారాయి. కొత్త తరం పోయినవాళ్ళతో మాట్లాడ్డం మానేసింది. 2017లో ఆయన దాని మీద ఒక పుస్తకం రాశాడు. మంచీచెడ్డా తేల్చలేదు. తేల్చడానికి మనమెవరం? రాత్రంతా చచ్చినవాళ్ళ ఫిర్యాదులు వినడం కంటే ఆదివారం ఒక గంట ప్రార్థన తేలికని ఒక కుర్రాడనుకుంటే నేను తప్పు పట్టలేను.

రెడాన్ కూడా చివరి రోజుల్లో, 1910 ప్రాంతంలో, సీతాకోకచిలుకలే వేశాడు. అప్పటికి నలుపు మానేశాడు. 1897లో పేర్‌లబాద్ అమ్ముడుపోయింది, ఆ తర్వాత బొగ్గు ముట్టింది తక్కువే. పాస్టెల్లో, నూనెరంగుల్లో, రాళ్ళ మీదుగా ఎగురుతూ రంగురంగుల రెక్కలు. ఆయనకి సవరలెవరో తెలిసే అవకాశం లేదు. ఊరికే చెబుతున్నాను.

ఈ మధ్య సవర బొమ్మలకి గిరాకీ వచ్చింది. గుడ్డ మీద, కాన్వాసు మీద ఆక్రిలిక్‌తో వేసి అమ్ముతున్నారు. చీరల అంచుల మీదికి కూడా వచ్చాయి. విశాఖలో మా బంధువుల ఫ్లాట్లో సోఫా మీద ఒకటి చూశాను. ఫ్రేము, దాని మీద చిన్న లైటు. "ట్రైబల్ ఆర్ట్ అన్నయ్యా, ఒరిజినల్" అంది మా మరదలు. నిజమే, వేసింది సవర చెయ్యే. ఆ డబ్బుతో ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, దాని గురించి నాకే అభ్యంతరమూ లేదు. నేను చూసింది ఒక్కటే. అందులో సైకిలు లేదు, రైలు లేదు, తుపాకీ పట్టుకున్న గార్డు లేడు. కొనేవాళ్ళకి నచ్చదని తీసేశారట. ఆత్మకి గొడుగు తక్కువైతే చెప్పుకునే హక్కుండేది. సోఫాకి ఆ హక్కు వచ్చింది.

బొడ్డపాడు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా పక్కనే. శ్రీకాకుళం పోరాటంలో పోయినవాళ్ళకి అక్కడ స్తూపం ఉంది. ఆ పోరాటపు కవి సుబ్బారావు పాణిగ్రాహి ఉండిన ఊరది. 1967లో లేవిడి దగ్గర కాల్పుల్లో పోయిన కోరన్న, మంగన్న గిరిజనులే. పోరాటం నడిపినవాళ్ళు భౌతికవాదులు. ఆత్మ లేదు, పదార్థమే ఉంది అని ఒట్టేసి చెప్పేవాళ్ళు. ఏటేటా ఆ స్తూపం దగ్గర పిడికిలెత్తి ఒక్కొక్కరి పేరూ పిలుస్తూంటే, నాకు సవర తాత ఇంటి గోడ గుర్తొస్తుంది. ఎగతాళిగా అనడం లేదు. పేరు పెట్టి పిలిచారంటే వచ్చేవాళ్ళున్నారనే కదా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానం మీద తుఫాను పడింది. దానికి తిత్లీ అని పేరు పెట్టారు. తిత్లీ అంటే హిందీలో, ఉర్దూలో సీతాకోకచిలుక. ఆ పేరు జాబితాకి ఇచ్చింది పాకిస్తాను. గంటకి 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి మాకు కొబ్బరిచెట్టు లేదు, పనసచెట్టు లేదు, మామ్మ నాటిన జీడిచెట్లు వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి. ఒక తరం పెంచిన తోటలు. ఇంటికి పెంకులు ఎగిరిపోయి, వర్షమంతా గోడల వెంట కారింది.

హాల్లో మామ్మ ఫొటో ఉండేది. ఆవిడకి బతికుండగా ఫొటో తీయించుకునే అలవాటు లేదు. ఓటరు కార్డు మీద ఉన్న ఒక్క ఫొటోని పలాసలో ఒక స్టూడియోలో పెద్దది చేయించాం. స్టూడియో అబ్బాయి కంప్యూటర్లో ఆవిడకి నీలంరంగు పట్టుచీర కట్టి, వెనకాల మబ్బులు పెట్టాడు. ముడతలు తీసేశాడు. ఎవరో కలెక్టరుగారి తల్లిలా తయారైంది. దండ వేశాం, సీరియల్ బల్బు పెట్టాం, పద్నాలుగేళ్ళు దణ్ణం పెట్టాం. తుఫాను రాత్రి అద్దం లోపలికి నీళ్ళు దిగి మొహం కరిగిపోయింది. నీలం మాత్రం మిగిలింది, పైన మబ్బుల నీలం, కింద చీర నీలం, మధ్యలో ఏమీ లేదు. రెడాన్ పాస్టెల్లాగే ఉంది, నిజం చెప్పాలంటే.

ఫొటో తీసేశాక గోడ మీద దాని జాగా మిగిలింది. చుట్టూ పొయ్యి పొగకీ ధూళికీ గోడ పచ్చబడింది. ఫొటో ఉన్నమేరకు తెల్లగా, నలుచదరంగా సున్నం. కొంచెం కిందికి జారిన బల్బు వైరు గీత ఒకటి, మేకు చుట్టూ తుప్పు మరక ఒకటి, గుండ్రంగా, నల్లగా, వేలిముద్రంత.

మర్నాటి నుంచి అమ్మ ఆ తెల్లటి జాగాకే బొట్టు పెట్టడం మొదలెట్టింది. స్టూడియోలో ఫైలు ఉందట, మళ్ళీ తీయిస్తానన్నాను.

"ఎందుకురా, ఆవిడ అక్కడే ఉంది కదా. ఆ పట్టుచీర ఆవిడకెప్పుడూ నచ్చేది కాదు" అంది.

మొన్న సంక్రాంతికి ఇల్లంతా రంగులు వేయించాం. ఆ గోడ ఒక్కటీ వదిలేశాం.